చంద్రుడికో నూలుపోగు

శుక్లపక్షం విదియనాడు సన్నని నెలవంక కనిపించగానే కట్టుకున్న బట్టలోంచి ఒక దారప్పోగు లాగి చంద్రుడి వైపు వేయడం మన పెద్దలకు అలవాటు. ‘చంద్రుడికో నూలుపోగు’ అనే మాట అందులోంచే పుట్టింది. మనకంటె చాలా గొప్పవారికి మన తాహతుకు తగిన చిన్న కానుక ఏదైనా ఇవ్వవలసివస్తే వినయంగా ఈ మాట అంటూ ఉంటాం. వినడానికి సొగసుగానే ఉంటుంది. కాని ఆ పోగు వేసేటప్పుడు పెద్దవాళ్ళు మనసులో ఏమని అనుకునేవారో ఎప్పుడైనా గమనించారా? ఈ పోగు పుచ్చుకుని నాకు కొత్తబట్ట ఇప్పించు తండ్రీ అని! చూశారా మరి? గొప్పవాడికిచ్చే కానుకల్లో అతి చిన్నదాని కొసను కూడా ఒక చిన్న అర్జీ వేలాడుతూనే ఉన్నదన్నమాట.

డిసెంబరు నెల వచ్చిందంటే మా ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతాలలో మా వంటి ఇళ్ళలో ఈ నూలుపోగు సమస్య తల ఎత్తుతుంది. అమెరికన్ బాప్తిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఆ శతాబ్దం ముగిసేలోగా మిషను పడమటి మెట్టప్రాంతానికి కూడా పాకి, ఈ రెండు ఊళ్ళకూ చేరింది. అంచేత ఇక్కడ క్రిస్మస్ మాకు కొత్త పండగేమీ కాదు. నెల మొదట్లోనే వాకిట్లో కాగితపు నక్షత్రం వేలాడుతుంది. మంచు కురిసే రాత్రుళ్ళు కుర్రవాళ్ళు డప్పు పట్టుకుని ఇంటింటికీ పాటలు పాడుతూ వస్తారు. ఇంట్లో అరిసెల పాకం, కజ్జికాయల వాసన. చుట్టుపక్కల నాలుగిళ్ళకూ పళ్ళెం నిండా పిండివంటలు పంపిస్తాం. రంజానుకో సంక్రాంతికో ఆ పళ్ళెం తిరిగి నిండి వస్తుంది. ఎన్ని అరిసెలు పంపాం, ఎన్ని గారెలు వచ్చాయి అని ఎవరూ లెక్కపెట్టరు.

లెక్క ఎక్కడ వస్తుందంటే, ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ మధ్య ఆస్తిలో ఆమడదూరం ఉన్నప్పుడు వస్తుంది.

పెళ్ళిలో చదివింపుల తంతు మీరు ఎరగనిది కాదు. ఒక మూల బల్ల వేసుకుని ఇద్దరు కూర్చుంటారు. ఎవరెవరు ఎంతెంత ఇచ్చిందీ పుస్తకంలో రాసుకుంటారు. వెనకటికయితే పదిమందికీ వినపడేలా గట్టిగా చదివేవారు కూడాను. ఆ పుస్తకాన్ని ఇంటివారు భద్రంగా దాచి, ఇచ్చినవారింట శుభకార్యం వచ్చినప్పుడు బయటికి తీస్తారు. ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం ఈ మూడూ మనిషికి విధులవంటివని ఫ్రెంచి పండితుడు మార్సెల్ మోస్ 1925లో ఒక గ్రంథమే ప్రచురించాడు. లోకంలోని ఎన్నో జాతుల ఆచారాలు గాలించి ఆయన తేల్చిన సంగతి అది. మన చదివింపుల పుస్తకం ఒక్కటి ఎవరైనా చూపించి ఉంటే ఆయనకు అంత శ్రమ ఉండేది కాదు!

సమానస్తులకు ఈ లెక్క బాగానే ఉంటుంది. కాని తిరిగి ఇవ్వలేనంత ఇచ్చినవారికి ఏమివ్వాలి? అడక్కుండానే అన్నీ ఉన్నవారికి ఏమివ్వాలి? అందులోనూ ఆ పెద్దమనిషి మన రక్తసంబంధీకులయితే?

మా మేనత్త సంగతి

మా మేనత్త మా నాన్నగారికి అక్క. ఎనభైకి రెండు మూడేళ్ళు తక్కువ. పుట్టింది ఉదయగిరిలో. మా తాతగారు అక్కడి మిషను బడిలో పంతులుగారు. అత్తను నెల్లూరులో ఇచ్చారు. మామయ్య చిన్న బియ్యం కొట్టుతో మొదలుపెట్టి రెండు మిల్లులూ మూడు ఇళ్ళూ సంపాదించి, పదేళ్ళ కిందట కాలం చేశారు. వాళ్ళకు పిల్లలు లేరు. నేను తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదువుకున్న రెండేళ్ళూ నా తిండి ఖర్చు, పుస్తకాల ఖర్చు ఆవిడే పెట్టుకుంది. ఇరవై ఏళ్ళు దాటినా ఆ మాట ఒక్కనాడు కూడా ఆవిడ నోటివెంట రాలేదు. పదిసార్లు ఎత్తిపొడిచేవారి బాకీ సగం అక్కడే తీరిపోతుంది. నోరెత్తనివారి బాకీయే బరువు.

ఇంత వరకు చిక్కేమీ లేదు. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఆత్మకూరులో బస్టాండుకు నడిచిపోయేంత దూరంలో ఆవిడకు ఒక ఖాళీ స్థలం ఉన్నది. పోయిన ఏడాది ఈస్టరునాడు అందరం భోజనాలకు కూర్చున్నప్పుడు, “ఆ స్థలం సంగతి త్వరలోనే తేల్చేస్తాను” అన్నది. అంతే, అంతకుమించి ఒక్క ముక్క అనలేదు. అయినా ఆనాటినుంచి మా బంధువర్గంలో ఆవిడ ఆరోగ్యం పట్ల శ్రద్ధ హఠాత్తుగా పెరిగిపోయింది. ఆరు నెలలకోసారి కనిపించేవారు ఆదివారం ఆదివారం కనిపిస్తున్నారు.

ఏటా క్రిస్మస్‌నాడు గుడి అయిన తర్వాత అందరం అత్త ఇంట్లోనే భోజనం చేస్తాం. తలా ఒక కానుక తీసుకువెళ్ళడం రివాజు. డిసెంబరు మొదటివారంలో ఒకనాటి రాత్రి మా ఆవిడ లెక్కలపుస్తకం ముందు పెట్టుకుని ఇలా అన్నది:

“ఏమీ తీసుకుపోకపోతే పొగరంటారు. ఖరీదైనది తీసుకుపోతే స్థలం కోసమంటారు. చవకది తీసుకుపోతే చదివించినదానికి విశ్వాసం ఇంతేనా అంటారు. ఏం చేద్దామో మీరే చెప్పండి, పంతులుగారూ!”

మా ఆవిడ నన్ను పంతులుగారూ అన్నదంటే వ్యవహారం తీవ్రంగా ఉన్నదన్నమాట. నేను ఆత్మకూరులో ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతున్నాను. ఉద్యోగం పర్మనెంటు కాదు. ఇద్దరు పిల్లల ఫీజులు, పండగబట్టలు, కేకు, పిండివంటలు అన్నీ పోగా కానుకకు పుస్తకంలో మిగిలింది పదిహేనువందలు. అందులోనే నెల్లూరుకు నలుగురి బస్సు ఛార్జీలూ రావాలి.

కొట్టివేసిన జాబితా

ఒక కాగితం మీద వరసగా రాసుకుని ఒక్కొక్కటే కొట్టివేశాం. పట్టుచీర మా వల్లకాదు. పట్టులా కనిపించే చీర కొందామంటే, జీవితమంతా అసలు పట్టు కట్టినావిడ వేలితో తాకగానే తెలుసుకుంటుంది. శాలువా? బీరువాలో శాలువాలు ఒకదానిమీద ఒకటి నిద్రపోతున్నాయి. వెండి కుంకుడుకాయంతదయినా వస్తుందో రాదో. బైబిలు? ఇంట్లో నాలుగున్నాయి, ఆవిడ చదివేది మాత్రం అట్ట ఊడిన అయిదోది. ఎండుపండ్ల బుట్ట? ఆవిడకు మధుమేహం. గోడ గడియారం? ఎనభై ఏళ్ళ మనిషికి గడియారం ఇవ్వడమేమిటని మా ఆవిడే అడ్డం చెప్పింది.

ఈ కొట్టివేతల్లోంచి ఒక సంగతి తేలింది. ఉన్నవారికి లేనివారు ఎన్నడూ ఖరీదైన వస్తువుకు చవక నకలు ఇవ్వరాదు. మూడువందల రూపాయలకు దొరికే దొంగవెండి పళ్ళెం కంటె మూడు రూపాయల మట్టిప్రమిద గౌరవం. ప్రమిద ప్రమిదగానే ఉంటుంది. దొంగవెండి మాత్రం, ‘నాకు వెండి కొనే తాహతు లేదు, ఉన్నట్టు నటించే బుద్ధి ఉంది’ అని రెండు తప్పులూ ఒక్కసారే బయటపెడుతుంది.

మరి పెద్దలు ఎలా ఇచ్చారు?

తెలుగు చెప్పుకునేవాడిని గనక ఇలాంటి చిక్కులు వచ్చినప్పుడు నా చూపు పుస్తకాలవైపు పోతుంది. ఉన్న చుట్టానికి కానుక ఇవ్వవలసిన చిక్కు మా నెల్లూరు తిక్కనగారికీ తప్పలేదు. పదమూడో శతాబ్దంలో నెల్లూరు ఏలిన మనుమసిద్ధి ఆయనను మామా అని పిలిచేవాడు. ఆ వరస పట్టుకునే, నిన్ను మామా అంటున్నందుకు నీ భారతి అనే కన్యను నాకిచ్చి చెయ్యమని చమత్కారంగా అడిగాడట. ఈ సంగతి నిర్వచనోత్తర రామాయణం అవతారికలో తిక్కనే చెప్పుకున్నాడు. ఆ కావ్యం మనుమసిద్ధికి అంకితమయింది. ఆలోచించండి. రాజుకు ఏనుగునిచ్చే సామంతులు ఉన్నారు, గుర్రాలనిచ్చే వర్తకులు ఉన్నారు. తిక్కన వాళ్ళతో పోటీకి పోలేదు. తన ఇంట తప్ప మరోచోట దొరకనిది ఇచ్చాడు.

మా మిషను చరిత్రలో కూడా ఇలాంటి కథ ఒకటి ఉంది. 1853లో అమెరికాలోని ఆల్బనీ నగరంలో బాప్తిస్టు మిషను పెద్దలు సమావేశమయ్యారు. ఏళ్ళ తరబడి ఖర్చేగాని ఫలితం కనిపించని నెల్లూరు మిషనును మూసివేద్దామా అన్న చర్చ వచ్చింది. మిషను స్థానాలను నక్షత్రాలుగా గుర్తుపెట్టిన పటంలో తెలుగుదేశానికి ఉన్నది నెల్లూరు ఒక్కటే. దాన్ని ఎవరో ‘ఒంటి నక్షత్రం’ అన్నారు. శామ్యూల్ ఎఫ్. స్మిత్ అనే కవి ఆ మాట పట్టుకుని ఆ రాత్రే ఒక గేయం రాసి మరునాడు ఇచ్చాడు. అది విన్నవారి మనసు మారింది. నెల్లూరు మిషను నిలిచింది. ఆ కవి జేబులోంచి ఎంత తీశాడో ఎవరికీ అక్కరలేకపోయింది.

అయితే నాకు కావ్యం రాయడం రాదు. వచ్చినా మా అత్త వినదు. కనుక వీళ్ళవద్ద పద్ధతి మాత్రం నేర్చుకున్నాను.

కుచేలుడి వద్ద ఇంకొక సంగతి ఉన్నది. ఆయన ద్వారకకు వెళ్ళింది సరదాకు కాదు. పిల్లలు పస్తులుంటే, వెళ్ళి మీ స్నేహితుణ్ణి చూసిరండని భార్య పంపితే వెళ్ళాడు. కొంగున అటుకులు ఉన్నాయి, మనసులో అర్జీ ఉంది. అటుకులు ఇచ్చాడు గాని అర్జీ ఇవ్వలేదు. అడగడానికి వెళ్ళి అడగకుండానే ఇంటిదారి పట్టాడు. పోతనగారి భాగవతం చదివిన ప్రతివారూ అటుకులను మెచ్చుకుంటారు. నాకయితే ఆ అడగకపోవడమే పెద్ద కానుకగా కనిపిస్తుంది. నెలవంకకు పోగు వేసినవాడు చేయలేని పని కుచేలుడు చేశాడు.

అసలు క్రిస్మస్ కథలోనే చూడండి. బంగారం, సాంబ్రాణి, బోళం తెచ్చిన తూర్పుదేశపు జ్ఞానుల సంగతి మత్తయి రాశాడు. మందలు కాచుకునే గొల్లల సంగతి లూకా రాశాడు. గొల్లలు ఏమి తెచ్చారో లూకా ఒక్కమాట కూడా చెప్పలేదు. వాళ్ళు పరుగున వచ్చారు, చూశారు, చూసినదాన్ని నలుగురికీ చెప్పారు. కళ్ళారా చూడడం కూడా కానుకే కాబోలు.

ఈ ‘చూడడం’ దగ్గర నాకు చప్పున ఒక సంగతి గుర్తుకు వచ్చింది. నవంబరులో ఏదో పనిమీద నెల్లూరు వెళ్ళి పొద్దున్నే అత్త ఇంటికి పోయాను. వంటమనిషి ఉన్నా, రాగిజావ మాత్రం అత్త తన చేత్తోనే కాచుకుంటుంది. ఆ ఇంట్లో ఆవిడకు మిగిలిన పని అదొక్కటే. వేళ్ళకు కీళ్ళనొప్పులు. సన్నని స్టీలు గరిటె పట్టు దొరకదు, పైగా కాలుతుంది. అందుకని గరిటె కాడకు పాతచీర పీలిక ఒకటి చుట్టి కట్టుకున్నది. రెండు మిల్లుల యజమానురాలు, పీలిక చుట్టిన గరిటెతో జావ కలుపుకుంటున్నది! మరో గరిటె కొనుక్కోలేక కాదు. కొనవచ్చునని తోచక. ఇన్నాళ్ళుగా అంత శ్రద్ధగా వచ్చిపోతున్న బంధువులెవరికీ కూడా తోచక.

ఉన్నవారికి కొరతలు ఉండవనుకుంటాం. డబ్బుతో తీరే పెద్ద కొరతలు ఉండకపోవచ్చు. ఎవరూ గమనించని చిన్న కొరతలు మాత్రం అందరికంటె వాళ్ళకే ఎక్కువ.

ఉదయగిరికి

మరుసటి ఆదివారం ఆత్మకూరులో బస్సెక్కి ఉదయగిరి వెళ్ళాను. ఊరు దగ్గరపడుతుండగానే 3,079 అడుగుల దుర్గం కొండ ఎదురొస్తుంది. కొండమీద పాడుపడిన గోడలు, బురుజులు. గజపతుల చేతిలో ఉన్న ఈ కోటను శ్రీకృష్ణదేవరాయలు ఏడాదిన్నర పాటు ముట్టడించి 1514లో గెలుచుకున్నాడు. ఆ గెలుపు తర్వాత తిరుమల వెళ్ళి స్వామికి 30,000 బంగారు నాణేలతో కనకాభిషేకం చేయించినట్టు శాసనం ఉన్నది. ఉదయగిరినుంచి ఆయన విజయనగరానికి పట్టుకుపోయినవాటిలో చరిత్ర మరిచిపోనిది ఏమిటో తెలుసా? ఒక బాలకృష్ణుడి విగ్రహం. దానికోసం హంపిలో ప్రత్యేకంగా ఒక ఆలయమే కట్టించి ప్రతిష్ఠించాడు. బంగారానికి కొదవలేని రాజు ఉదయగిరికి వచ్చి, ఉదయగిరిలో తప్ప దొరకనిదాన్ని కోరుకున్నాడు. సంపన్నుల మనసు తెలుసుకోవడానికి ఇంతకంటె మంచి దృష్టాంతం నాకు కనిపించలేదు.

నేటి ఉదయగిరిలో అలా మరోచోట దొరకనిది కొయ్యపని. దుర్గం చుట్టూ ఉన్న అడవిలో దొరికే నర్ది, కల్ది, బిక్కి, పాలబరికె, దేవదారి కొయ్యలతో ఇక్కడివాళ్ళు గరిటెలు, స్పూన్లు, ఫోర్కులు, దువ్వెనలు చేస్తారు. దేవదారి అంటే హిమాలయాల్లోని దేవదారు వృక్షం కాదు సుమండీ. ఇది మన మెట్ట అడవుల్లో పెరిగే చిన్నచెట్టు; దీని చేవకు సన్నని సువాసన ఉంటుంది. ఈ పని తరతరాలుగా ఎక్కువగా ముస్లిం కుటుంబాల చేతుల్లో ఉన్నది. వాళ్ళలోనూ ఆడవాళ్ళు చాలామంది. ఉదయగిరి కొయ్యసామానుకు ప్రభుత్వంవారి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అంటే మరోచోట చేసినదాన్ని ఉదయగిరిదని చెప్పి అమ్మడానికి వీల్లేదన్నమాట.

నేను వెళ్ళిన ఇంటి వసారాలో నలుగురు స్త్రీలు కూర్చుని పనిచేస్తున్నారు. ఒకామె కొయ్యముక్కను గరిటె ఆకారానికి చెక్కుతున్నది. ఇంకొకామె ఆకురాయితో గుంట నున్నగా రాస్తున్నది. మూడో ఆమె కాడమీద పువ్వులూ తీగలూ కోస్తున్నది. నాలుగో అమ్మాయి ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది ఒక పక్కన పేరుస్తున్నది. ఒక స్పూను ఇన్ని చేతులు మారితేగాని బయటికి రాదు. అడవినుంచి కొయ్య తెచ్చుకోవడం మునుపటంత సులువు కాదని, ఆరబెట్టడానికి ఓపిక కావాలని, పచ్చికొయ్యతో చేస్తే తర్వాత పగులుతుందని పెద్దామె చెప్పింది.

నేను కోరినది చెప్పాను. మామూలు గరిటె కాదు, కాడ లావుగా ఉండాలి, మధ్యలో కాస్త నడుములా నొక్కు ఉండాలి, ముసలివాళ్ళ వేళ్ళకు పట్టు దొరకాలి.

ఆమె వెంటనే పనిలోకి దిగలేదు. “ఎవరికి సార్? చెయ్యి ఎంత పెద్దది? కుడిచెయ్యా, ఎడమచెయ్యా? ఏ వేళ్ళు మడవలేదు?” అని వైద్యుడిలా ప్రశ్నలు వేసింది. నా చేతిని పట్టి చూపించమన్నది. ఏ వేళ్ళు మడవవో నేను చూపించాను. “మా అమ్మకు కూడా ఇట్నే” అని ఒక తేలికైన కొయ్యముక్క ఏరి పక్కన పెట్టింది. వారం ఆగి రమ్మన్నది.

“ఎంతమ్మా?” అన్నాను.

“గరిటెకు మూడువందల యాభై అవుద్ది సార్. కాడ లావుంటే కొయ్య ఎక్కువ పోద్ది.”

కొట్టులో మామూలు గరిటె ఇందులో సగానికే దొరుకుతుంది. మన మధ్యతరగతి నాలుక వెంటనే బేరానికి లేస్తుంది. కాని ఒక్కసారి ఆలోచించండి. ఉన్న మేనత్తకు కానుక ఇవ్వడానికి లేని తల్లి దగ్గర యాభై రూపాయలు తగ్గించి తీసుకుంటే ఆ యాభై ఇచ్చింది ఎవరు? కానుకలో కొంతభాగం ఆమెది, పేరు మాత్రం నాది! అందుబాటు ధర అంటే మన జేబుకు అందుబాటు అని ఒక్కటే అర్థం కాదు. చేసినవారి కూలికి కూడా అది అందాలి. అడిగినంత ఇస్తానని ఒప్పుకుని, చిన్న స్పూన్లు రెండు కూడా చెప్పివచ్చాను. వారం తర్వాత వెళ్ళి తెచ్చుకున్నాను. రెండుసార్ల బస్సు ఛార్జీలతో సహా ఏడువందలు కూడా కాలేదు. మా ఆవిడ లెక్కలపుస్తకం మూసి, ఆ రోజు నన్ను పేరుకు తగ్గట్టు మామూలుగా ‘ఏమండీ’ అని పిలిచింది.

ఇరవై అయిదో తేదీ

అత్త ఇంట్లో భోజనాలయ్యాక హాలులో అందరూ కానుకలు పెట్టారు. మెరిసే కాగితాల్లో పెద్ద పెద్ద పెట్టెలు. కాళ్ళు ఒత్తే యంత్రం ఒకటి, గదిలో గాలిని శుభ్రంచేసే యంత్రం ఒకటి, వెండి కంచం ఒకటి. ఒక్కొక్కటి విప్పినప్పుడల్లా అత్త, “ఎందుకురా ఇయ్యన్నీ” అని పక్కకు పెట్టించింది. అవమానించాలని కాదు. ఆ యంత్రాలు నడపడం నేర్పేవారు మళ్ళీ ఎప్పుడు వస్తారో ఆవిడకు తెలుసు.

మాది ఖాకీకాగితంలో చుట్టిన చిన్న పొట్లం. మా అమ్మాయి చేత ఇప్పించాం. విప్పగానే ఆవిడ మొదట దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది.

“దుర్గం కొయ్య గదరా ఇది! మా అమ్మ పొయ్యికాడ ఇట్టాంటియ్యే ఉండేయి. ఉదయగిరి పొయ్యుండావా?”

“పోయొచ్చానత్తా.”

“అత్తకు గరిటె ఇస్తావేందిరా, ఈ వయసులో వంట చేయించేదానికా?” అని మా పెద్దన్నయ్య వరసాయన హాస్యమాడాడు. నలుగురూ నవ్వారు. అత్త నవ్వలేదు. గరిటె కాడను గుప్పిట పట్టి, ఎదురుగా కుండ ఉన్నట్టు గాలిలో రెండుసార్లు తిప్పింది. తర్వాత వేళ్ళకేసి చూసుకుంది.

“కాడ లావుగా చేయించావే” అన్నది మెల్లగా.

“జావ కలిపేటప్పుడు గుడ్డపీలిక చుట్టుకుంటుండావు గదత్తా.”

ఆవిడ వెంటనే ఏమీ అనలేదు. కాసేపటికి, “ఎంతిచ్చావు?” అన్నది. వ్యాపారస్తుడి భార్య గదా.

“ఆమె అడిగినంత.”

“బేరం ఆడలా?”

“ఆడలేదత్తా.”

“మంచిపని చేశావు” అన్నది.

సాయంత్రం మేము బస్సుకు బయలుదేరుతుంటే గుమ్మందాకా వచ్చింది. మిగతావాళ్ళు ఇంకా లోపలే ఉన్నారు.

“ఒరే అబ్బయ్యా, అందరూ ఏదో ఒక వంకన అడిగారు. స్థలం సంగతి నువ్వు అడగవేందిరా?”

“పిడి సరిపోయిందా లేదా చెప్పత్తా. సరిపోకపోతే ఉదయగిరి తీసుకుపోయి సరిచేయించుకొస్తా.”

ఆవిడ నా చేతిమీద ఒక్కటి వేసింది. అంత గట్టిగా వేసిందంటే వేళ్ళకు ఇంకా బలం ఉందన్నమాట అని బస్సులో మా ఆవిడ అన్నది.

స్థలం సంగతి ఇప్పటికీ తేలలేదు. ఎవరికిచ్చినా అది ఆవిడ ఇష్టం. ఫిబ్రవరిలో మళ్ళీ నెల్లూరు వెళ్ళినప్పుడు మాత్రం, అడక్కుండానే నా కళ్ళు వంటింటివైపు పోయాయి. పొయ్యి పక్కన గరిటె ఉన్నది. కొత్తదనం పోయి, గుంట అంతా రాగిపిండి రంగు పట్టింది. కాడమీద పువ్వుల సందుల్లో కూడా కాస్త మరక దిగింది. వెండి కంచం ఎక్కడుందో నేను చూడలేదు.

పాఠకులలో నా వంటివారు చాలామంది ఉంటారు. ఉన్న పెదనాన్నకో, మేనత్తకో, అమ్మమ్మగారి అన్నగారికో ఏటా ఏదో ఒకటి ఇవ్వవలసి, ఏమివ్వాలో తోచక డిసెంబరు ఇరవై నాలుగో తేదీ రాత్రి బజారంతా తిరిగేవారు. వారికి నా మనవి ఇంతే. బజారుకు వెళ్ళేముందు ఒకసారి వారింటికి వెళ్ళండి. ఊరికే కూర్చుని, వారు దేన్ని పట్టుకోలేకపోతున్నారో, దేన్ని వెతుక్కుంటున్నారో, దేనికి గుడ్డపీలిక చుట్టి సర్దుకుంటున్నారో చూడండి. ఆ తర్వాత వారు పుట్టిపెరిగిన ఊరివైపు చూడండి. ఉదయగిరికి కొయ్య ఉన్నట్టే నరసాపురానికి లేసు ఉంది, మచిలీపట్నానికి కలంకారీ ఉంది, ఏటికొప్పాకకు లక్కపిడత ఉంది. చేతిపని గనక నెల ముందే చెప్పుకోవాలి. అడిగిన కూలి ఇవ్వాలి. ఇచ్చి వచ్చేటప్పుడు అర్జీ మాత్రం ఇంట్లోనే వదిలి వెళ్ళాలి.

ఒకవేళ మీరు కూడా కొయ్యగరిటే ఇవ్వదలిస్తే, దాన్ని నీళ్ళలో నానవెయ్యకుండా వాడిన వెంటనే కడిగి, తుడిచి, నీడన ఆరబెట్టమని పుచ్చుకునేవారికి ఒక మాట చెప్పండి. మా అత్తకు నేను అలాగే చెప్పబోతే, “ఉదయగిరిలో పుట్టినదానికి కొయ్యగరిటె కడిగేది నేర్పిస్తావంట్రా!” అని గదిమింది.